ఢిల్లీ వైపు కాపురం మారుస్తున్నారా? సగం పని బయల్దేరకముందే ఉంది

ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ రాగానే అందరూ మొదట చేసేది ఫోన్లో అద్దె ఇళ్ల ఫొటోలు చూడటం. ఆ పని తర్వాత చేసుకోవచ్చు. ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క సంగతి తేల్చుకోండి, అక్కడ ఉండేది రెండేళ్లా, పదేళ్లా? కారు తీసుకెళ్లాలా అమ్మేయాలా, పిల్లల్ని ఎక్కడ చేర్చాలి, ఓటు మార్చుకోవాలా వద్దా, ఇవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. సరిగ్గా తెలియకపోతే కనీసం ఒక అంచనాకి రండి, లేకపోతే ప్రతి కాగితం దగ్గరా మళ్లీ అదే చర్చ మొదలవుతుంది.

రెండో సంగతి, కొత్త రాష్ట్రంలో మనల్ని తిప్పలు పెట్టే కాగితాల్లో ఎక్కువ భాగం పాత రాష్ట్రంలో ఇచ్చేవే. బండికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఆర్టీఓ ఇచ్చే కాగితం), పిల్లల టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, గ్యాస్ ట్రాన్స్‌ఫర్ వోచర్, ఇవేవీ నోయిడాలో కూర్చుని తెప్పించుకోవడం తేలిక కాదు. అందుకే ఇక్కడ ఎక్కువగా బయల్దేరే ముందు పనుల గురించే రాస్తున్నాను. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లను దృష్టిలో పెట్టుకున్నాను.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మనం "ఢిల్లీ వెళ్తున్నాం" అంటాం గానీ ఆ మహానగరంలో మూడు ప్రభుత్వాలున్నాయి. గుర్గావ్ హర్యానాలో ఉంది, నోయిడా, ఘాజియాబాద్ ఉత్తరప్రదేశ్‌లో ఉన్నాయి, మధ్యలో ఢిల్లీ. ఆఫీసు గుర్గావ్‌లో, ఇల్లు నోయిడాలో ఉంటే రోజూ రెండు సరిహద్దులు దాటుతారు. బండి రిజిస్ట్రేషన్, ఓటు, కరెంటు రేట్లు, పోలీస్ వెరిఫికేషన్, అన్నీ మీరు పడుకునే ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందో దాని ప్రకారమే నడుస్తాయి. కాబట్టి ఇల్లు వెతికేటప్పుడు మెట్రోకి ఎంత దూరమో చూసినట్టే ఏ రాష్ట్రమో కూడా చూడండి.

బండి సంగతి

అందరికీ ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబర్ తీసుకోవాలి. అంటే అక్కడ దిగిన మర్నాడే పరుగెత్తక్కర్లేదు. అయితే ఎప్పుడు వచ్చారో చూపించుకోవడానికి ఏదో ఒకటి దగ్గరుండాలి. ప్యాకర్స్ బిల్లు, ఆఫీసు జాయినింగ్ లెటర్, దారిలో ఫాస్టాగ్‌తో కట్టిన టోల్ మెసేజ్‌లు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి, తెలంగాణ, ఆంధ్రా నంబర్ ప్లేటు చూసి ట్రాఫిక్ పోలీసులు ఆపినప్పుడు పనికొస్తాయి.

ఎక్కువ కాలం ఉండేట్టయితే పాత ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి, దానికి ఫారం 28. బండి మీద లోన్ ఉంటే ముందు బ్యాంకు ఒప్పుకోలు లేఖ ఇవ్వాలి, పెండింగ్ చలాన్లు కట్టేసి ఉండాలి. అక్కడికెళ్లాక ఆ ఎన్‌ఓసీతో కొత్త నంబర్‌కి దరఖాస్తు చేస్తే మళ్లీ అక్కడి రోడ్ ట్యాక్స్ కట్టమంటారు. ఇక్కడ మనం కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు, కానీ కొత్త ఆర్‌సీ చేతికొచ్చిన తర్వాతే, అదీ మన పాత ఆర్టీఓ చుట్టూ తిరిగి. సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక రోజు దానికి కేటాయించుకోండి.

ఇంత చదివాక "అమ్మేస్తే పోలేదా" అనిపిస్తే, పాత డీజిల్ బండి ఉన్నవాళ్లకు నేనూ అదే చెబుతాను. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) ఆంక్షలు పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది, ఆ తర్వాత అమలు విషయంలో మార్పులు జరుగుతూనే ఉన్నాయి. దానికి తోడు చలికాలంలో గాలి బాగా చెడిపోయినప్పుడు బీఎస్-3 పెట్రోల్, బీఎస్-4 డీజిల్ కార్లను (బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగకు పెట్టిన ప్రమాణం) కొన్నాళ్లు రోడ్డెక్కనివ్వరు. అంటే డీజిల్ కారు పాతబడకపోయినా, బీఎస్-4 అయితే నవంబరులో ఇంట్లోనే ఉండిపోవచ్చు. మీ కారు బీఎస్ ఎంతో ఆర్‌సీలో చూసుకోండి. పొల్యూషన్ సర్టిఫికెట్‌ని మనవైపు అంతగా పట్టించుకోం గానీ ఢిల్లీలో అది లేకుండా దొరికితే చట్టప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా.

ప్రతి మూడు నాలుగేళ్లకు బదిలీ అయ్యే ఉద్యోగాలవాళ్లకు బీహెచ్ సిరీస్ (దేశమంతా చెల్లే భారత్ సిరీస్ నంబర్) ఉంది. 2021లో వచ్చింది. ప్రభుత్వ, రక్షణ శాఖ ఉద్యోగులతోపాటు నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులూ తీసుకోవచ్చు. ట్యాక్స్ రెండేళ్లకోసారి కడితే సరిపోతుంది, రాష్ట్రం మారినా నంబర్ మారదు. కొత్త కారు కొనే ఆలోచన ఉంటే కొనకముందే కంపెనీ హెచ్‌ఆర్‌ని అడిగి ఫారం 60 (మీరు అక్కడ పనిచేస్తున్నట్టు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) తెచ్చుకోండి.

డ్రైవింగ్ లైసెన్సు గురించి ఎవరేం చెప్పినా కంగారుపడకండి, అది దేశమంతా చెల్లుతుంది. స్కూటర్‌ను రైల్లో పంపేట్టయితే ట్యాంకులో పెట్రోల్ పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ కాపీ, గుర్తింపు కార్డు ఇవ్వాలి, స్టేషన్ బయట ప్యాకింగ్ చేసేవాళ్లు గోనె, గడ్డి కట్టిస్తారు. అద్దాలు విప్పి బ్యాగులో వేసుకోండి.

పిల్లల చదువు

మనవైపు బడి జూన్‌లో తెరుస్తారు. ఢిల్లీ వైపు సీబీఎస్‌ఈ స్కూళ్లు ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలుపెట్టేసి, మే మధ్య దాకా పాఠాలు చెప్పి, అప్పుడు సెలవులిస్తాయి. జూన్‌లో తీరిగ్గా వెళ్తే మీ పిల్లలు ఒకటిన్నర నెల పాఠాలు వెనకబడి ఉంటారు, మంచి స్కూళ్లలో సీట్లూ అయిపోయి ఉంటాయి. కుదిరితే జనవరి, ఫిబ్రవరిలోనే ఒకసారి వెళ్లి స్కూలు మాట్లాడుకుని రండి. స్టేట్ సిలబస్ నుంచి మారుతుంటే టీసీ మీద మండల లేదా జిల్లా విద్యాధికారి కౌంటర్ సంతకం అడుగుతారు, అది మీరు ఊళ్లో ఉండగానే చేయించాల్సిన పని. హిందీ రాని పిల్లలకు బయల్దేరే ముందు రెండు మూడు నెలలు అక్షరాలైనా నేర్పించండి, మాట్లాడటం వాళ్లే నేర్చుకుంటారు, మనకంటే ముందే.

సీబీఎస్‌ఈలో తొమ్మిది, పదకొండు తరగతుల్లో పిల్లల పేర్లు బోర్డుకి రిజిస్టర్ చేస్తారు కాబట్టి పది, పన్నెండులో నేరుగా చేర్చుకోవడం కష్టం, బోర్డు అనుమతి కావాలి. తల్లిదండ్రుల బదిలీ దానికి ఒప్పుకునే కారణమే, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ జాగ్రత్తగా ఉంచుకోండి.

ఇక చాలామంది ఆలస్యంగా తెలుసుకునే విషయం, స్థానికత. మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్, మెడికల్ కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే. లోకల్ అనిపించుకోవాలంటే మామూలుగా ఇంటర్ లేదా పన్నెండో తరగతి వరకు వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. పుట్టింది వరంగల్ అయినా, తాతముత్తాతలంతా అక్కడే ఉన్నా, తొమ్మిది నుంచి పన్నెండు దాకా గుర్గావ్‌లో చదివితే లెక్క మారిపోతుంది. తెలంగాణ మెడికల్ సీట్ల విషయంలో ఈ నాలుగేళ్ల నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. కొన్ని రకాల ప్రభుత్వ, సైనిక ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి, మీకు వర్తిస్తుందేమో చూసుకోండి.

నన్నడిగితే, పిల్ల ఆరో ఏడో చదువుతుంటే ఏం ఆలోచించకుండా తీసుకెళ్లండి, రెండేళ్లలో తిరిగొచ్చినా ఏమీ పోదు. ఎనిమిది పూర్తయి, నీట్ రాయాలని గట్టిగా అనుకుంటుంటే మాత్రం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. అమ్మమ్మ వాళ్లింట్లో ఉంచడమా, అందరూ కలిసి వెళ్లి ఆలిండియా కోటా, ఢిల్లీ వైపు సీట్లు, ప్రైవేటు యూనివర్సిటీల మీద ఆధారపడటమా, దేనికైనా నష్టం ఉంది. సీటు కోసం పద్నాలుగేళ్ల పిల్లని నాలుగేళ్లు హాస్టల్లో వదిలేయడం నాకైతే నచ్చదు, కానీ అది మీ ఇంటి నిర్ణయం. ఏం చేసినా ఇప్పటిదాకా చదివిన ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ తీసుకునే బయల్దేరండి, స్కూళ్లు మూతపడుతుంటాయి, పేర్లు మారుతుంటాయి.

సామాను

తూకం కాదు, ఏది ఎంత అవసరమో చూడండి. పాత కూలర్, విరగబోయే మంచం, గోద్రెజ్ బీరువా లాంటివి పదహారొందల కిలోమీటర్లు మోయించడం కంటే అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవడం చవక. తీసుకెళ్లాల్సింది వెట్ గ్రైండర్. రోలు ఉంటే రోలు కూడా.

ప్యాకర్స్ దగ్గర మోసాలు చాలా ఉన్నాయి. తక్కువ రేటు చెప్పి, లారీ సగం దారిలో ఉండగా ఇంకో ఇరవై వేలు ఇస్తేనే దించుతాం అంటారు. ఇంటికి వచ్చి సామాను చూడకుండా ఫోన్లోనే రేటు చెప్పేవాళ్లకు ఇవ్వకండి. జీఎస్టీ నంబర్ సరిచూడండి, డబ్బు మూడు భాగాలుగా ఇవ్వండి, చివరి భాగం సామాను దించాకే. ఒక్కో అట్టపెట్టె నంబరుతో లిస్టు రాసి సంతకం చేయించుకోండి, ఎక్కించే ముందు టీవీ, ఫ్రిజ్ పనిచేస్తున్నట్టు వీడియో తీసుకోండి. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ చేశామని నోటిమాటగా అంటే చాలదు, పాలసీ కాగితం అడగండి. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసుకునే పత్రం) అక్కర్లేదు, దాని పేరు చెప్పి డబ్బులడిగితే ఇవ్వొద్దు. బంగారం, ఒరిజినల్ సర్టిఫికెట్లు, మందులు లారీలో వేయరని వేరే చెప్పక్కర్లేదు కదా.

గ్యాస్ విషయానికొస్తే, ముందు అక్కడి ఇంట్లో పైపు గ్యాస్ ఉందో లేదో అడగండి, ఢిల్లీ, నోయిడా, గుర్గావ్ సొసైటీల్లో చాలాచోట్ల ఉంటుంది. ఉంటే మీ స్టవ్‌కి జెట్లు మార్పించాలి, సిలిండర్ గ్యాస్ జెట్లతో పైపు గ్యాస్ మంట సరిగా రాదు. లేకపోతే ఇక్కడి ఏజెన్సీలో బండ, రెగ్యులేటర్ అప్పగించి డిపాజిట్ వెనక్కి తీసుకుని ట్రాన్స్‌ఫర్ వోచర్ రాయించుకోండి, అక్కడ దాంతో కనెక్షన్ ఇస్తారు. నిండు బండ మాత్రం ఎవరూ లారీలో వేసుకోరు, వేసుకోవద్దు కూడా.

ఇల్లు చూసేటప్పుడు

ఫొటోలు చూసి అడ్వాన్స్ పంపకండి. ఆర్మీ ఆఫీసర్‌నని చెప్పి గేటు పాసుకి డబ్బులు కట్టమనే మోసగాళ్లు చాలా ఏళ్లుగా ఉన్నారు. మొదటి రెండు వారాలు గెస్ట్‌హౌస్‌లోనో తెలిసినవాళ్లింట్లోనో ఉండి కాళ్లరిగేలా తిరగడం మంచిది. బ్రోకర్‌కి పదిహేను రోజుల నుంచి నెల అద్దె దాకా ఇవ్వాల్సి వస్తుంది, అడ్వాన్స్ ఒకటి రెండు నెలలు. అగ్రిమెంట్ పదకొండు నెలలకే రాస్తారు, ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి కాబట్టి. పోలీస్ టెనెంట్ వెరిఫికేషన్ మీ మీద అనుమానంతో కాదు, అక్కడ అది మామూలే, ఓనర్ చేయించకపోతే మీరే గుర్తు చేయండి.

నాన్‌వెజ్ వండుతారా అని కొందరు ఓనర్లు అడుగుతారు. వండితే వండుతామని మొదటి రోజే చెప్పేయండి. దాచిపెట్టి చేరి, ఆదివారం చేపల పులుసు వాసనకు గొడవపడటం కంటే ఇంకో ఇల్లు చూసుకోవడం నయం.

సొసైటీ ఫ్లాట్ అయితే కరెంటు మీటర్ ఎలా ఉందో అడగండి. నోయిడా, గుర్గావ్‌లో చాలాచోట్ల ప్రీపెయిడ్ మీటర్, అందులోనే మామూలు కరెంటుకో రేటు, జనరేటర్ కరెంటుకో రేటు. జనరేటర్ యూనిట్ ఖరీదెక్కువ, వేసవిలో ఏసీ వేసుకుంటే తెలుస్తుంది. పై అంతస్తు ఇల్లు ఫిబ్రవరిలో చూస్తే ఎండతో హాయిగా ఉంటుంది, జూన్‌లో పెనం. నీళ్లు బోరువా, సరఫరావా అనేదీ ముఖ్యం. బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి, ఆర్‌ఓ తప్పదు, గీజర్ రాడ్, వాషింగ్ మెషీన్ తొందరగా పాడవుతాయి.

చలి, పొగ

ఎండ గురించి మనకెవరూ చెప్పక్కర్లేదు. చలి మాత్రం కొత్త. జనవరిలో రాత్రిళ్లు 5 డిగ్రీల కిందకి దిగుతుంది, ఇళ్లలో వెచ్చదనానికి ఏ ఏర్పాటూ ఉండదు, నేల రాయి చల్లగా కొడుతుంది. ఉన్ని బట్టలు హైదరాబాద్‌లో కొనకండి, మాల్‌లో దొరికే పల్చటి జాకెట్ అక్కడ పనికిరాదు. దిగాక సరోజినీ నగర్‌లోనో, లాజ్‌పత్ నగర్‌లోనో, కశ్మీరీ గేట్ దగ్గర టిబెటన్ల మార్కెట్‌లోనో కొనుక్కోండి. లోపల వేసుకునే థర్మల్స్ రెండు జతలు, ఇంట్లో తొడుక్కునే మేజోళ్లు, మంచి రజాయి ఉంటే చాలావరకు గడుస్తుంది. రూమ్ హీటర్ పెట్టినా తలుపు కిటికీ కాస్త తీసి ఉంచండి, బొగ్గుల కుంపటి మాత్రం మూసిన గదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే పోయినవాళ్ల వార్తలు ఏటా పేపర్లో వస్తాయి. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉన్న ఇల్లయితే దానికీ ఇదే జాగ్రత్త.

పొగ సంగతి వేరు. అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా గాలి బాగోదు, కొన్ని రోజులు ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 400 దాటుతుంది, అప్పుడు బడులు ఆన్‌లైన్‌కి మారుతాయి. ఆస్తమా ఉన్న పెద్దవాళ్లను ఆ నెలల్లో తీసుకురాకండి, ఫిబ్రవరి చివర్లో రమ్మనండి. పడకగదికి ఒక ప్యూరిఫయర్ దండగ కాదు. బయటికి ఎన్95 మాస్కే, గుడ్డ మాస్కు ఈ దుమ్ముకి పెద్దగా పనిచేయదు.

వంటింట్లో

సోనామసూరి దొరుకుతుంది, కాకపోతే ప్రతి కొట్లో కాదు. ఐఎన్‌ఏ మార్కెట్, ఆర్‌కే పురం, మునిర్కా వైపు దక్షిణాది కొట్లున్నాయి, కరివేపాకు, మునక్కాడలు, కొబ్బరికాయలు, మనవైపు అప్పడాలు అక్కడ చూడండి. వీధి చివర కొట్లో కందిపప్పు కావాలంటే అర్హర్ అనాలి, తూర్ అన్నా ఇస్తారు. మినపగుళ్లు అయితే ఉరద్ ధులీ సాబుత్. ఊరి నుంచి తెచ్చుకోవాల్సినవి చింతపండు, గుంటూరు కారం, పచ్చళ్లు, వేరుశనగ నూనె. గోంగూర విత్తనాలు ఒక పొట్లం తెచ్చుకుని ఏప్రిల్‌లో కుండీలో చల్లితే ఆ వేడికి బాగా వస్తుంది.

డిసెంబరు, జనవరిలో ఇడ్లీ పిండి పులియదు, పెరుగు తోడుకోదు. పాలు మామూలు కంటే కాస్త వేడిగా ఉన్నప్పుడే తోడు ఎక్కువ వేసి హాట్‌బాక్స్‌లో పెట్టండి. పిండికైతే ఓవెన్‌లో లైటు వేసి లోపల ఉంచండి, వేడి ఆన్ చేయకుండా. కొబ్బరి నూనె సీసాలో గడ్డకట్టి ఉంటుంది, వెడల్పు మూత డబ్బాలో పోసుకోండి.

వండుకునే ఓపిక లేని రోజు అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది. ఆదివారం బిర్యానీకి వెళ్తే క్యూ తప్పదు, మన భాష చెవిన పడటానికైనా వెళ్లొచ్చు. గోల్ మార్కెట్ దగ్గర టీటీడీ బాలాజీ గుడి ఉంది. పిల్లలకు తెలుగు కూడా చెప్పే బడి కావాలంటే 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో మొదలైన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ స్కూళ్లు ఉన్నాయి, జనక్‌పురి, ప్రసాద్ నగర్, ఐటీఓ దగ్గర. నోయిడా, గుర్గావ్ నుంచి దూరమే అనుకోండి. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరండి, కానీ పక్కింటివాళ్లతోనూ మాట్లాడుతూ ఉండండి, అర్ధరాత్రి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లేది వాళ్లే. మన హైదరాబాదీ హిందీకి నవ్వుతారు. నవ్వనివ్వండి. పెద్దవాళ్లను, కొత్తవాళ్లను "ఆప్" అంటే చాలు, మిగతా వ్యాకరణం ఎవరూ పట్టించుకోరు.

మిగిలిన చిల్లర పనులు

ఆధార్ చిరునామా ఆన్‌లైన్‌లో మారుతుంది, ఇంట్లో ఒకరిది మారితే ఆ కుటుంబ పెద్ద ఆధారంగా మిగతావాళ్లవీ మార్చుకోవచ్చు. రెండేళ్లలో తిరిగొచ్చేవాళ్లకు ఇది అత్యవసరమేమీ కాదు. ఓటుకు ఫారం 8, కొత్త ఓటరుకిచ్చే ఫారం 6 కాదు. రెండు చోట్లా పేరు ఉంచుకుందామనుకోకండి, అది చట్టవిరుద్ధం, సందేహాలకు 1950కి ఫోన్ చేయొచ్చు. పీఎఫ్‌కి మీ పాత యూఏఎన్ నంబరే (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్) ఉంటుంది. జీతం స్లిప్పులో నెలనెలా 200 కోసే వృత్తి పన్ను ఢిల్లీ, హర్యానా, యూపీల్లో లేదు, కోస్తుంటే హెచ్‌ఆర్‌కి చెప్పండి. ఆరోగ్య బీమా కంపెనీకి ఊరు మారినట్టు తప్పకుండా తెలపండి. కొన్ని పాలసీల్లో ఢిల్లీ ఎక్కువ ప్రీమియం జోన్‌లో ఉంటుంది, తక్కువ జోన్ పాలసీతో అక్కడి ఆస్పత్రిలో చేరితే బిల్లులో కొంత శాతం మనమే కట్టాలి.

ఆఖరుగా సంక్రాంతి ప్రయాణం. అక్కడ సంక్రాంతికి వరుసగా సెలవులుండవు కాబట్టి ఆఫీసులో నవంబరులోనే సెలవు అడిగి పెట్టుకోండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఉదయం ఎనిమిదింటికే కూర్చోవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉత్తరాదిన పొగమంచు, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయినా ఏపీ ఎక్స్‌ప్రెస్ అయినా గంటల తరబడి ఆలస్యమవుతాయి, తెల్లవారుజాము విమానాలూ అంతే. విమానమైతే మధ్యాహ్నం పన్నెండు తర్వాతది తీసుకోండి, రైలైతే పండక్కి ఒకరోజు ముందు కాదు, రెండు రోజుల ముందు దిగేట్టు చూసుకోండి.